గడప దాటని పుస్తకం

రెండేళ్ల క్రితం జూన్‌లో తణుకు దగ్గర ఒక శాఖా గ్రంథాలయంలో నన్ను కాంట్రాక్టు మీద అసిస్టెంటుగా వేశారు. ఈ మార్చితో కాంట్రాక్టు అయిపోయింది కాబట్టి ఇరవై ఏడేళ్లకే రిటైరైనట్టు లెక్క. విశాఖలో పెరిగినదాన్ని. గ్రంథాలయంలో నా పని పుస్తకాలు ఇష్యూ చేయడం, అంటే సభ్యుల కార్డు మీద రాసుకుని ఇంటికివ్వడం, తిరిగొచ్చినవాటిని అరల్లో సర్దడం. మిగతా టైమంతా ఫోనే.

చావు గురించి, దుఃఖం గురించి రాసిన పుస్తకాలు చివరి బీరువాలో కింది అరలో ఉండేవి. హాల్లో కూర్చుని చదివేవాళ్లే గానీ ఎవరూ ఇష్యూ చేయించుకునేవారు కాదు. మనిషి పోయిన ఇంట్లో ఆ పదిరోజులూ పురాణం చదివిస్తారు. అవి దాటాక చావు మాట ఉన్న పుస్తకం గడప లోపలికి రాకూడదని అక్కడి పట్టింపు.

రాంబాబు గారు వరి రైతు, యాభై దాటినవారు. ఆయన భార్య ఆసుపత్రిలో స్పృహ లేకుండానే పోయారు. రోజూ వచ్చి ఒకే పుస్తకం తీసేవారు. ఆఖరి ఘడియల్లో ఉన్నవాళ్లకు సేవ చేసిన ఒక నర్సు రాసింది. రెండు పేజీలు చదివి మూసేసేవారు. నాట్లు మొదలయ్యాక మా వేళలకు రావడం ఆయనకు కుదరలేదు.

“ఇంటికి పట్టుకెళ్లండి” అన్నాను.

“అమ్మో! అమ్మాయి పురిటికొచ్చి ఉందండి. మా అమ్మ నన్నూ పుస్తకాన్నీ కలిపి కాలవలో పడేస్తుంది.”

“ఈ రోజుల్లో కూడా ఏంటండీ ఇది!” నా గొంతు లేచింది. పేపర్లు చదువుతున్నవాళ్లంతా తలలెత్తారు.

ఆయన మెల్లగా అన్నారు: “నాక్కావాల్సింది ఒక్కటేనండి. ఆఖర్న ఆవిణ్ని పిలిచాను. వినపడిందో లేదో. ఇందులో ఎక్కడో రాసుంటుంది కదా అని.”

ఆ పేజీ వెతికి చూపిస్తానంటే వద్దన్నారు. దాని దగ్గరికి నెమ్మదిగానే వెళ్తారట.

ఫోన్ నా చేతిలోనే ఉంది. రోజూ కొంత చదివి, రికార్డు చేసి ఆయనకు పంపడం మొదలుపెట్టాను. “ఫోన్‌కి గడప పట్టింపు లేదు కదండీ?” అంటే, “ఆ సంగతి మా అమ్మకింకా తెలీదండి” అన్నారు. తర్వాత తన ఫోన్ కేసి చూసుకుంటూ, “ఫొటోలు బోలెడున్నాయి గానీ ఆవిడ గొంతు ఇందులో ఒక్కటీ లేదండి” అన్నారు.

కొన్నాళ్లకు వాళ్లమ్మగారు కర్ర పొడుచుకుంటూ స్వయంగా వచ్చారు.

“మావాడి ఫోన్లో చదివేది నువ్వేనా?”

పోట్లాటకు సిద్ధమై లేచి నిలబడ్డాను. “నేనేనండి. అయితే ఏంటి?”

“ఏంటంటావేంటి! రైలు తప్పిపోతున్నట్టు చదువుతావేం? గట్టిగా, నిదానంగా చదువు. గోడవతల నాకు సగమే వినపడి చస్తోంది.” కుర్చీ లాక్కుని కూర్చున్నాక, “వాడి నాన్న పోయినప్పుడు నేనూ పిలిచాను” అన్నారు.

ఆ పేజీ వచ్చిన రోజున గట్టిగా, నిదానంగా చదివాను. పోయేవాళ్లకు వినపడుతుందో లేదో తను చెప్పలేనని, అయినా ఆఖరిదాకా పేరు పెట్టి పిలుస్తూనే ఉండేదాన్నని ఆ నర్సు రాసింది.

మర్నాడు రాంబాబు గారు బురదకాళ్లతోనే వచ్చి మెట్ల దగ్గర ఆగారు. “తెలీదనే రాసిందండి ఆవిడ” అన్నారు. వెనక్కి తిరుగుతూ, “అయినా పిలిచేదట” అన్నారు.

ఈ ఉద్యోగంలో నేను నేర్చుకున్నది ఇది: చావు గురించిన పుస్తకం అడిగినవాళ్లను ఎందుకని అడగకూడదు. ఎక్కడ చదువుకుంటారని అడగాలి.