నయా ఉదారవాదం, నేనూ, ఇంకో నేనూ

ఆ రోజుల్లో మాకు ఒక పెద్ద మాట దొరికిందంటే కాళ్లు నేల మీద నిలిచేవి కావు. అర్థం నిదానంగా వచ్చేది, ముందు నోరు తిరిగితే చాలు. నారాయణఖేడ్ డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ చదువుతున్న మాకు ఫైనలియర్‌లో అలా దొరికిన మాట ‘నయా ఉదారవాదం’. సర్కారు వ్యాపారాల్లోంచి తప్పుకోవాలి, ధరలను మార్కెట్‌కు వదిలేయాలి, బయటి కంపెనీలను రానివ్వాలి, అదీ ఆ వాదమంటే అని మా సారు చాలా తేలిగ్గానే చెప్పారు. మేమే దాన్ని మోయలేనంత బరువు చేసుకుని మా ఊళ్లకు పోయే మనూర్ బస్సులో మోసుకుపోయేవాళ్లం. పక్క సీట్లో కూర్చున్న ముసలమ్మలకు కూడా వదలకుండా వినిపించేవాళ్లం. (వాళ్లు ఓపిగ్గా విని, మీ కాలేజీల అన్నం పెడుతరా బిడ్డా అని అడిగేవారు.)

మా సారును మేం గిరాకీ సార్ అనేవాళ్లం. ఆయనకు ప్రపంచంలో ప్రతిదీ గిరాకీయే. వాన పడకపోయినా, పిల్లలు క్లాసుకు రాకపోయినా ఆయన దగ్గర గిరాకీతో ఒక వివరణ ఉండేది. ఆయనే ఆ ఏడు ‘నయా ఉదారవాదం దేశానికి మేలా, కీడా’ అని డిబేట్ పెట్టించారు. గెలిచినవాళ్లు సంగారెడ్డిలో జిల్లా పోటీకి పోవాలి. కీడు అని నేను, మేలు అని మా క్లాసులోని సావుకారి. సావుకారి అతని అసలు పేరు కాదు, వాళ్లది బట్టల దుకాణం కాబట్టి మేం పెట్టింది. ఇంట్లో కన్నడం, దుకాణంలో తెలుగు మాట్లాడే మనిషి, రెండింట్లోనూ బేరం ఆడకుండా మాట పూర్తి చేసేవాడు కాదు. ఇద్దరం కలిసే తయారయ్యాం. అతని మాటలు నాకూ, నా మాటలు అతనికీ కంఠతా వచ్చేదాకా కాలేజీ వరండాలో అరుచుకున్నాం.

నాకు ఆ పోటీ ఒట్టి పోటీ కాదు. డిగ్రీ అయితే చాలు, ఇగ ఇంటి దగ్గరుండు అని మా నాయిన అప్పటికే అనేశాడు. హైదరాబాద్ పోయి ఎంఏ చదువుతానని అడిగే ధైర్యం నాకు లేదు. నాలుగు మాటలు స్టేజీ మీద గట్టిగా మాట్లాడితే, అవి విని ఆయనే ఏమన్నా మెత్తబడతాడేమోనని ఆశ. అందుకే బోరు మోటారు రిపేరుకు టౌనుకు వచ్చిన ఆయన్ని బతిమాలి కాలేజీకి తీసుకొచ్చాను. ఆయన మోటారు సంచిని కాళ్ల మధ్య పెట్టుకుని ముందు వరసలోనే కూర్చున్నాడు.

అంతా సిద్ధమయ్యాక చూస్తే సావుకారి లేడు. కాసేపటికి కాలేజీ ఆఫీసుకు అతనే ఫోన్ చేశాడు. ఆ రోజు కల్హేర్‌లో అంగడి, వారం వారం జరిగే సంత. వాళ్ల నాన్న పొద్దున్నే బట్టల మూటలతో పాటు అతన్ని కూడా ఆటోలో వేసుకుపోయాడట. “సార్, ఇయ్యాల గిరాకీ మస్తుంది, నాయిన విడుస్తలేడు” అన్నాడట. మార్కెట్‌ను సమర్థించాల్సినవాడిని మార్కెట్టే పట్టుకుపోయింది. గిరాకీ అన్న మాటకు గిరాకీ సార్ నోట మాట రాకపోవడం ఆ ఒక్క రోజే చూశాను.

జడ్జిగా వచ్చిన రిటైర్డ్ హెడ్మాస్టరు గడియారం చూసుకుంటున్నారు. ఎదురుపక్షం లేకపోతే పోటీ లేదు, పోటీ లేకపోతే సంగారెడ్డి లేదు. గిరాకీ సార్ నన్ను పక్కకు పిలిచి, వాని మాటలు నీకు తెలుసు గదా, రెండు దిక్కుల నువ్వే మాట్లాడు అన్నారు. వద్దనే తెలివి నాకు ఉండి ఉంటే ఈ కథే లేదు. ఆదివారాలు చర్చిలో వాక్యం చదివి చదివి నా గొంతు అప్పటికే మైకు లేకున్నా చివరి బెంచీదాకా పోయేది. దానికి ఇంకో పక్షం కూడా దొరికిందంటే ఇక ఆగుతానా.

స్టేజీ మీద రెండు పక్షాలకూ రెండు టేబుళ్లు వేసి ఉన్నాయి. ఎడమ టేబులు దగ్గర నిలబడి మొదట కీడు గురించి మాట్లాడాను. విత్తనం కంపెనీవాడిది, మందు కంపెనీవాడిది, ఎండిపోయే చెలక భూమి మాత్రం మాది అన్నాను. పర్మినెంట్ కొలువులు పోయి కాంట్రాక్టు కొలువులు వచ్చాయన్నాను. చప్పట్లు బాగానే పడ్డాయి. తర్వాత కొంగు సర్దుకుని కుడి టేబులు దగ్గరికి నడిచి, “ఇంతసేపు మాట్లాడిన సోదరికి ఒకటే అడుగుతున్న” అని మొదలుపెట్టాను. ఫోన్ కనెక్షన్ కోసం ఏండ్ల తరబడి ఎదురుచూసిన దేశంలో ఇయ్యాల గొర్లకాపరి జేబులో ఫోన్ మోగుతున్నది, అది ఎవరి పుణ్యం అన్నాను. హాలు ఊగిపోయింది. ఈలలు కూడా వేశారు. నాకు ఒళ్లంతా మంటపుట్టింది. ఎడమ టేబులు దగ్గర అంత కష్టపడి మాట్లాడితే రాని ఈలలు ఈమెకెందుకు వస్తున్నాయని నా మీద నాకే అసూయ. వెంటనే ఎడమవైపు పరుగెత్తి, జేబులో ఫోన్ మోగితే కడుపు నిండుతదా అని జవాబిచ్చాను. మళ్లీ కుడివైపు. మళ్లీ ఎడమవైపు. చెమటతో తడిసిపోయాను. హాలులో సగం మంది ఒక టేబులుకు, సగం మంది ఇంకో టేబులుకు కేకలు పెడుతున్నారు. అంత సంతోషం నాకు అంతకుముందు తెలియదు.

అప్పుడే మా నాయిన లేచి నిలబడ్డాడు. నా పని అయిపోయిందనుకున్నాను. ఆయన జడ్జి వైపు తిరిగి చేతులు జోడించి, “సారూ, గా ఎడమ దిక్కు పిల్ల మాట నాకు నచ్చలే. ఉదారం అంటే పది మందికి పెట్టే గుణమే గదా. పాతదైతేంది, నయాదైతేంది, ఉదారం వద్దంటే ఎట్ల” అన్నాడు. కొత్తగా కొన్న ఫోనును కూడా తీసి అందరికీ చూపించాడు. ఎడమ దిక్కు పిల్ల, కుడి దిక్కు పిల్ల ఇద్దరూ ఆయన కూతురే అన్న సంగతి ఆ ఊపులో ఆయనకే గుర్తున్నట్టు లేదు. జడ్జిగారు నవ్వు ఆపుకోలేక కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

చివరికి ఎడమ టేబులు గెలిచింది. జడ్జిగారు ఫస్ట్ ప్రైజు నాకిచ్చి, ఓడిన అభ్యర్థి నిరుత్సాహపడొద్దని చెప్పి సెకండ్ ప్రైజు కూడా నాకే ఇచ్చారు. రెండూ స్టీలు డబ్బాలే, ఒకటి కొంచెం పెద్దది. నిజం చెప్పాలంటే ఓడిపోయినదాని గురించి నాకు కాసేపు బాధగానే అనిపించింది, అది ఎంత బాగా మాట్లాడిందో నాకు తెలుసు కదా.

మనూర్ పోయే ఆటోలో మా నాయిన మోటారు సంచిని ఒళ్లో పెట్టుకుని బయటికే చూస్తూ కూర్చున్నాడు. తన పక్షం ఓడినందుకు కోపమనుకున్నాను. ఆటో నిండా ఉన్నవాళ్లు మాత్రం సంగతి తెలుసుకుని వాదన మళ్లీ మొదలుపెట్టారు. డ్రైవరు ఒక చెయ్యి హ్యాండిల్ మీద, ఒక చెయ్యి గాలిలో పెట్టి కుడి దిక్కు మాట్లాడాడు. ఊరి దగ్గర దిగాక మా నాయిన మోటారు సంచి భుజాన వేసుకుంటూ అన్నాడు:

“ఒక్క దిక్కు మాట్లాడేటోళ్లనే మేం తట్టుకోలేకపోతున్నం. రెండు దిక్కుల మాట్లాడేదాన్ని ఇంట్ల పెట్టుకుంటే ఇగ మాకు నిద్రుండది. హైదరాబాద్ పోయి సదువుకో బిడ్డా.”

స్టీలు డబ్బాలు రెండూ పట్టుకుని ఆయన వెనకే నడిచాను. నా మాటలన్నీ స్టేజీ మీదే అయిపోయాయి.

సంగారెడ్డిలో ఒక్క దిక్కే మాట్లాడమన్నారు. ఓడిపోయాను. ఎంఏ మాత్రం అయింది, ఇప్పుడు నేనే ఎకనామిక్స్ పాఠం చెబుతున్నాను. ఆ పాఠం వచ్చినప్పుడు పిల్లలు, మీరు ఏ దిక్కు మేడం అని అడుగుతారు. గొంతు సవరించుకుంటాను, ఒకవైపున అంటాను, అయితే అంటాను, అంతలో గంట కొడతారు. రెండు టేబుళ్ల మధ్య చెమటలు కక్కుతూ పరుగెత్తిన ఆ పిల్ల ఇప్పుడు ఎదురైతే నన్ను నిలబెట్టి కడిగేస్తుంది. కడగనీ. ముందు వరసలో కూర్చుని చూడాలని ఉంది.