చీనీ తోట బోరు, రెండో రౌండు

ప్రొద్దుటూరులో ఇంటర్వ్యూల కోచింగులో ఆఖరి వారమంతా కథలే. "మీకెదురైన కష్టమైన టెక్నికల్ సమస్య చెప్పండి" అని అడిగితే ఏం చెప్పాలో నేర్పేవారు. ఈసారి ఉద్యోగం రాకపోతే రూము ఖాళీ చేసి ఇంటికి రమ్మని నాయన అప్పటికే చెప్పేశాడు.

క్లాసులో నేను జరిగిందే చెప్పాను. పులివెందుల దగ్గర మా చీనీ తోటలో బోరుకు నీళ్లు తగ్గాయి. మోటారు కాసేపు తిరిగి, మళ్లీ నీళ్లు ఊరేదాకా దానంతటదే ఆగేలా ఒక టైమరు తయారుచేశాను. కరెంటు పోయి వస్తే అది మళ్లీ మొదటి నుంచి లెక్కపెడుతుందని, నీళ్లు లేకుండానే తిరిగి మోటారు కాలిపోయాకే తెలిసింది. ఆ పూట మా నాయన అన్నం తినలేదు. తర్వాత ఆ ప్రోగ్రాం సరిచేశాను.

సారు నవ్వాడు. "బోర్లు, మోటార్లు యాడన్నా చెప్తారామ్మా? వాళ్లకు సర్వర్లు కావల్ల" అని, పండగ రోజు బ్యాంకు యాప్ ఆగిపోయిన కథ ఒకటి ఇచ్చాడు. అద్దం ముందు నిలబడి దాన్ని వల్లె వేశాను. ఎన్నడూ చూడని సర్వరును కాపాడినందుకు గర్వపడటం కూడా నేర్చుకున్నాను.

ఇంటర్వ్యూ చేసినాయన నన్ను సగంలోనే ఆపాడు. పొద్దుటి నుంచి వచ్చినవాళ్లందరి కథల్లోనూ ఆ బ్యాంకు యాప్ ఆగిపోతూనే ఉందట. ఆ మాట ఎంతో మర్యాదగా అన్నాడు. తిట్టినా బాగుండేది. మర్నాడు పెట్టె సర్దుకుని పులివెందుల బస్సెక్కాను.

రూములో నాతో ఉన్న జమ్మలమడుగు అమ్మాయి మాత్రం మొదటి రౌండు దాటింది. ఏం చెప్పి దాటిందో తనే ఫోన్ చేసి చెప్పింది.

"ఏమనుకోవాకు మే, నీ బోరు కథే చెప్పినా. రేపు రెండో రౌండు. కరెంటు పోయినాక యాడ ఆగిందో ఆ ప్రోగ్రాముకు ఎట్ల తెలుస్తాదో చెప్పు, రాసుకుంటా."

ఒళ్లు మండింది. వాళ్ల నాయన గుమాస్తా, వాళ్లకు సెంటు పొలం లేదు. అయినా చెప్పాను. ఎందుకు చెప్పానా అని ఇప్పటికీ నా మీద నాకే కోపం. అంతా రాసుకుని నాకే అప్పజెప్పింది. చివర్లో గొంతు తగ్గించి, "ఆ పూట మా నాయన అన్నం తినలేదు సార్" అంది.

"మోటారు నీదేనని చెప్పుకో. ఆ మాట మాత్రం తీసెయ్. అన్నం తినంది మా నాయన" అన్నాను.

"అట్లంటే ఎట్ల మే? వాళ్లకు అదే శానా నచ్చింది" అంది.