భద్రతా పాఠానికి నీడ దొరికిన చోటు

తప్పు చేసిన మనిషి ఏం చేస్తాడు? ఎవరూ చూడలేదు కదా అని నాలుగు పక్కలా చూసి, దులిపేసుకుని పోతాడు. నాకు ఆ అదృష్టం లేదు. నా ఘనకార్యాన్ని నేనే దగ్గరుండి, రంగుల్లో, మొహానికి పౌడరు రాసుకుని మరీ వీడియో తీయించుకున్నాను. ఆ వీడియో నా ఉద్యోగాన్ని మింగబోయింది, ఓ అమాయకుడి ప్రాణం మీదికి తెచ్చింది. ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది, ఎందుకంటే ఎవరికీ ఏమీ కాలేదు. అయి ఉంటే ఈ కథ మీకు చెప్పేవాణ్ణి కాను, జడ్జిగారికి చెప్పుకునేవాణ్ణి.

ఎనభైల నడిమి మాట. విశాఖలో ఉక్కు కర్మాగారం కడుతున్న రోజులు. ఆ పనుల మీద ఊళ్ళోకి దిగిన కంపెనీల్లో ఒకదానిలో నేను సేఫ్టీ అసిస్టెంటుని. కంపెనీ పేరెందుకు లెండి, అది ఇప్పుడు లేదు. దానికి కారణం మాత్రం నేను కాదు. ఏడాది ప్రొబేషను. అది ముగియడానికి ఇంకో నెలుంది. కన్‌ఫర్మ్ చేస్తే పర్మనెంటు ఉద్యోగం, చేయకపోతే ఇంటిదారి. మా నాన్న మిషన్ స్కూల్లో లెక్కల మాస్టారు. ఇంటికి పోతే నన్నేం చేస్తారో నాకు తెలుసు. అరుగు మీద చాప పరిచి, ఆరో తరగతి పిల్లల్ని నా ముందు కూర్చోబెడతారు.

నాకున్న ఏకైక ఆస్తి నా గొంతు. ఆదివారం చర్చిలో వాక్యం చదివేది నేనే. చదివి దిగగానే పెద్దవాళ్ళు భుజం తట్టి, "దేవుడిచ్చిన గొంతు నాయనా" అనేవారు. దేవుడు గొంతిచ్చి ఊరుకున్నాడు. బుర్ర సంగతి నన్నే చూసుకోమన్నాడు.

ఒకరోజు జనరల్ మేనేజరుగారు నన్ను పిలిచారు.

"ప్రభుదాస్, కొత్తగా పన్నెండు మంది కలాసీలు చేరుతున్నారు. క్రేనుకి బరువులు కట్టే పని. క్రేనంటే ఎరగరు. చదువు రాదు. వాళ్ళకి నువ్వు సేఫ్టీ పుస్తకాలు పంచితే ఏం లాభం?"

"లాభం లేదు సార్."

"వీడియో తీయించు. ఇప్పుడు అన్నిచోట్లా అదే పద్ధతి. చెప్పింది మర్చిపోతారు, చూసింది మర్చిపోరు. వీడియో చూపించాక నా ఎదురుగా వాళ్ళ చేత పని చేయిద్దాం. నీ కన్‌ఫర్మేషన్ కాగితం నా టేబుల్ మీదే ఉంది. పని చూసి సంతకం పెడతాను."

"చూసింది మర్చిపోరు" అన్న ముక్క నేను నోట్ బుక్కులో రాసుకుని, కింద గీత కూడా గీశాను. గీశాక ఆ పుస్తకం మళ్ళీ తెరవలేదు.

వీడియో కెమెరా ఉన్న మనిషి కోసం ఊరంతా గాలిస్తే చివరికి తగరపువలసలో కనకరాజు దొరికాడు. పెళ్ళిళ్ళు తీస్తాడు. భుజానికి రికార్డరు తగిలించుకుని, చేతిలో కెమెరాతో మా యార్డులో దిగి, ఇనుప సామాను చుట్టూ ఓసారి తిరిగి చూశాడు.

"ఫంక్షనేటండి?"

"ఫంక్షను కాదయ్యా. భద్రతా పాఠం. క్రేను పని ఎలా చేయాలో చూపించాలి."

"అలాగేనండి. మరి మెయిన్ మనిసెవులండి?"

"మనిషెందుకు? పని ఉంది కదా."

"అదేటండీ అలగంటారు! మొగమంటూ ఒకటి నేకపోతే ఎవులు సూత్తారండి?"

నేను అటూ ఇటూ చూశాను. గొంతు సవరించుకున్నాను.

"నేనే" అన్నాను.

మర్నాడు షూటింగు. పని చూపించడానికి పోలయ్య మేస్త్రీని, ఆయన మనుషుల్ని రమ్మన్నాను. పోలయ్యది జాలరిపేట. అన్నదమ్ములు ఇంకా వేటకి పోతారు, ఈయన మాత్రం పడవ వదిలి క్రేను పట్టాడు. తాడు విషయంలో ఆయన మాటకి ఇంజనీర్లు కూడా ఎదురు చెప్పేవారు కాదు. వీడియో అనేసరికి ఆయన మనుషులంతా ఇస్త్రీ చొక్కాలు తొడుక్కుని, నున్నగా తల దువ్వుకుని, హెల్మెట్లు చంకలో పెట్టుకుని దిగారు.

"హెల్మెట్లు తలకి పెట్టుకోండయ్యా!"

"క్రాపు సెడిపోద్ది బాబూ. మావోళ్ళు సూత్తారు కదేటి!"

"ఇది సేఫ్టీ వీడియో! మనిషికి అందం ముఖ్యమా, ప్రాణం ముఖ్యమా?" అని ఓ ఉపన్యాసం దంచాను. దంచి, జీపు అద్దంలో మొహం చూసుకుని, ఇంకాస్త పౌడరు అద్దుకుని వచ్చాను.

పొద్దున పనంతా సాఫీగా సాగింది. చేతి తొడుగులు, తాడు కట్టడం, కొక్కేనికి తగిలించడం, క్రేను డ్రైవరుకి చేత్తో సైగలు చేయడం, అన్నీ తీశాం. పోలయ్య సైగ చేస్తే మంచమంత ఉక్కు పలక ఆకులా పైకి లేచింది. అది అలా గాల్లో ఉండగానే నా ఘట్టం వచ్చింది. ముగింపు సందేశం. టైము మిట్టమధ్యాహ్నం.

"సార్, మొగం కనపడతం నేదండి. హెల్మెట్ నీడ పడిపోతన్నాది" అన్నాడు కనకరాజు.

"హెల్మెట్ తీయలేనయ్యా, సేఫ్టీ వాణ్ణి!"

"అయితే అలగే నా కేసి సూత్తా నాలుగడుగులు ఎనక్కెయ్యండి. ఆ నీడలోకి."

కెమెరా వైపే చూస్తూ, ఠీవిగా, నాలుగడుగులు వెనక్కి వేశాను. ప్రాణానికి హాయిగా ఉంది. చెట్టన్నది లేని యార్డులో నడినెత్తిన సూర్యుడుంటే ఈ నీడ ఎక్కడిదని నాకు తోచలేదు. మీకు తోచింది కదూ? అందుకే ఈ కథ మీరు చదువుతున్నారు, నేను రాసుకుంటున్నాను. ఆ పలకని ఎత్తించిందే నేను. కానీ ఆ నిమిషాన నా బుర్రలో పలక లేదు. నా మొహమొక్కటే ఉంది.

"బాబూ, ఒక్క మాట" అన్నాడు పోలయ్య.

"మేస్త్రీ, సైలెన్స్! గొంతు రికార్డవుతోంది."

"అది కాదు బాబూ, మీరు నిలబడ్డ కాడ..."

"నేను బాగానే నిలబడ్డాను. కనకరాజూ, ఎలా ఉన్నాను?"

"సూపరండి! పెల్లికొడుకులా ఉన్నారండి!"

చూపుడు వేలు పైకెత్తి, చర్చి గొంతు తీశాను. "కార్మిక సోదరులారా! వేలాడు బరువు క్రింద ఎన్నడును నిలువకూడదు!"

రెండో వాక్యంలోకి వెళ్ళానో లేదో, మొహాన ఎండ ఫెళ్ళున కొట్టింది.

"కట్! నీడేది? నా నీడ ఎక్కడికి పోయింది?"

పోలయ్య నా వెనక నుంచి క్రేను డ్రైవరుకి సైగ చేసి పలకని పక్కకి తీయించేశాడు. నేను మాత్రం కెమెరా మీద నుంచి చూపు తిప్పకుండా అరిచాను. "మేస్త్రీ! ఆ నీడ మళ్ళీ ఇటు తెప్పించండి!"

"వద్దు బాబూ..."

"కావాలి! నా ఉద్యోగం దాని మీదే ఆధారపడి ఉంది!"

నీడ వచ్చింది. మళ్ళీ మొదలుపెట్టాను. మళ్ళీ పోయింది. మళ్ళీ అరిచాను. ఈసారి పోలయ్య దగ్గరికొచ్చి, చేతులు కట్టుకుని, "సరే బాబూ. ఒక్క అయిదు నిమిసాలు ఆగండి, ఎల్లి మంచినీల్లు తాగి రండి" అన్నాడు. ముసలాళ్ళతో పని ఇంతే అని సణుక్కుంటూ వెళ్ళి నీళ్ళు తాగి వచ్చాను. నీడ తిరిగి దాని చోటికొచ్చింది. మొదటి నుంచీ అందుకున్నాను. ఆ నాలుగడుగుల నడకతో సహా! సందేశం పూర్తయ్యాక కనకరాజు తన పెళ్ళి అలవాటు కొద్దీ కెమెరాని దూరంగా లాగి, నన్నూ, నా పైన పలకనీ, ఆ పైన క్రేనునీ, ఆకాశాన్నీ నిండుగా చూపించి ముగించాడు. నడక బాగుందని ఒక్క ముక్క కూడా కోయనివ్వలేదు నేను.

ఆ క్యాసెట్టు ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. ప్రతిసారీ నా పెదాలు చూశాను, నా వేలు చూశాను, నా గొంతు విన్నాను. మా అమ్మ అద్దెకి వీసీపీ తెప్పించి చర్చి వాళ్ళందరినీ పిలిచింది. పాస్టరుగారి భార్య కళ్ళజోడు సర్దుకుని అడిగింది.

"అబ్బాయి తల మీద అదేమిటమ్మా, పందిరా?"

"ఆఫీసరు కదండీ. ఎండ తగలకుండా కంపెనీ వాళ్ళే వేయించారు" అంది మా అమ్మ.

నేను టీ కప్పులు అందిస్తూ విన్నాను. విని మురిసిపోయాను కూడా!

అసలు రోజు వచ్చింది. క్యాంటీన్లో టీవీ పెట్టి, కొత్త కలాసీలు పన్నెండు మందినీ ముందు వరసలో కూర్చోబెట్టాం. జనరల్ మేనేజరుగారు వెనక కుర్చీలో కూర్చుని ఏవో ఫైళ్ళు చూసుకుంటూ సగం విన్నారు. కలాసీలు మాత్రం రెప్ప వేయలేదు. నా గొంతు గోడల్ని తాకుతుంటే ఉద్యోగం పర్మనెంటు అయిపోయినట్టే అనిపించింది.

"బాగుంది. ఇప్పుడు యార్డులో చేసి చూపించమను" అన్నారాయన.

మొదట వచ్చినవాడు నూకరాజు. హెల్మెట్ పెట్టుకున్నాడు, పట్టీ బిగించాడు. చేతి తొడుగులు వేసుకున్నాడు. తాడు సరిచూశాడు, కొక్కెం తగిలించాడు, దూరంగా జరిగి సైగ చేశాడు. పలక లేచింది. జనరల్ మేనేజరుగారు నా భుజం తట్టారు. జేబులోంచి పెన్ను తీశారు కూడా.

అప్పుడు నూకరాజు పలక దగ్గరికి వచ్చి, మా వైపు తిరిగి, ఠీవిగా ఒకటి, రెండు, మూడు, నాలుగు అడుగులు వెనక్కి వేసి, సరిగ్గా ఆ పలక కింద నిలబడ్డాడు. చూపుడు వేలెత్తాడు.

"కార్మిక సోదరులారా! ఏలాడు బరువు కింద ఎన్నడును నిలవకూడదు!"

పోలయ్య ఒక్క దూకు దూకి వాడి జబ్బ పట్టుకుని ఇవతలికి ఈడ్చాడు. వరసలో మిగతా పదకొండు మందీ పెదాలు కదుపుతూ బట్టీ పడుతున్నారు. వాళ్ళ చూపుడు వేళ్ళు సిద్ధంగా ఉన్నాయి.

జనరల్ మేనేజరుగారి మొహం పాలిపోయింది. "అక్కడ నిలబడమని ఎవరు చెప్పారయ్యా నీకు?"

"సెప్పనేదండి, సూపించారండి" అన్నాడు నూకరాజు, ఏం తప్పు చేశాడో తెలియక. "ఇడియోల బాబు నాలుగడుగులు ఎనక్కేసి, దాని కిందే నిలబడి సెప్పినారు కదండి. నానూ నాలుగే ఏసినాను. తక్కువయ్యాయేటి?"

జనరల్ మేనేజరుగారు పెన్ను జేబులో పెట్టేసుకున్నారు. అందరం మళ్ళీ క్యాంటీన్లోకి వెళ్ళాం. "సౌండు తీసేసి వేయండి" అన్నారాయన.

గొంతు లేని నన్ను నేను అప్పుడే మొదటిసారి చూశాను. పౌడరు రాసుకున్న ఒక మూర్ఖుడు, టన్నుల బరువు ఉక్కు పలక కింద నిలబడి, వేలెత్తి, నవ్వుతున్నాడు. అబద్ధమెందుకు, పక్కనున్న బల్ల పట్టుకుని నిలబడ్డాను.

"మేస్త్రీ, ఆ రోజే చెప్పలేదేం?" అన్నాను.

"సెప్పనిత్తే కదా బాబూ! సైలెన్స్ అన్నారు. రెండుసార్లు పక్కకి తీయించాను, రెండుసార్లూ మీరే రప్పించుకున్నారు. మరేటి సేసీది? మిమ్మల్ని నీల్లకి పంపి, పలక దింపించి, ఇంకో రెండు తాళ్ళు అదనంగా బిగించాను. అవి ఎంత బరువైనా ఆగుతాయి. అయినా మీరు అక్కడ ఉన్నంతసేపూ నా గుండి నా కాడ నేదు."

నాకు సిగ్గూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఆయన చేతులు పట్టుకున్నాను. "బాగా కట్టారు మేస్త్రీ" అన్నాను. అంతకంటే తెలివితక్కువ మాట నాకూ దొరకలేదు.

జనరల్ మేనేజరుగారు టీవీలో బొమ్మ ఆపించారు. తర్వాత నన్ను వదిలేసి పోలయ్యని అడిగారు. "నువ్వే చెప్పు. ఈ వీడియోని ఏం చేద్దాం?"

"పారెయ్యకండి బాబూ. మంచి ఇడియో. ఒక్క సూపుకే ఈ కుర్రగుంటలందరికీ వచ్చీసింది కదా! పేరొకటి మారిత్తే సాలు."

"ఏమని?"

"'ఇలగ సేత్తే సత్తావు' అని."

ఆయన పగలబడి నవ్వారు. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, కాగితం తెప్పించి సంతకం పెట్టారు. కాకపోతే దాని మీద ఓ షరతు రాశారు. ప్రతి కొత్త బ్యాచికీ ఆ వీడియో వేయాలి. నేను పలక కింద నిలబడ్డ చోట బొమ్మ ఆపాలి. తప్పేమిటో వాళ్ళ చేతే చెప్పించాలి. పాఠం అయ్యేవరకూ నేను తలుపు బయట ఉండి, ఆ తర్వాత లోపలికి వచ్చి నమస్కారం పెట్టాలి.

అలా ఎన్ని బ్యాచులకి నమస్కారం పెట్టానో! ఒక్కడు కూడా పలక కింద నిలబడలేదు. నేను తలుపు తీసుకుని లోపలికి రాగానే అందరూ నన్నూ, టీవీలో బొమ్మనీ మార్చి మార్చి చూసేవారు. వరసలోంచి ఎవడో ఒకడు భయం భయంగా లేచి నిలబడేవాడు.

"ఏటి బాబూ, మీరు బతికే ఉన్నారేటి?"

కాబట్టి మీ అందరి సాక్షిగా, కుడిచెయ్యి ఎత్తి ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో మళ్ళీ ఒకరికి నీతులు చెబుతూ కెమెరా ముందు నిలబడను. పోనీ కూర్చుని చెప్పమన్నా సరే, ముందు పైకి చూస్తాను.