పుణెలో మూడేళ్ళు

నా నోరు మంచిది కాదు. ఈ మాట మా ఆవిడ అంటుంది, మా ఇన్‌స్టిట్యూట్ యజమాని అంటాడు, దిల్‌సుఖ్‌నగర్‌లో నా దగ్గర క్లౌడ్ కోర్సు చదివి ఉద్యోగాలు తెచ్చుకున్నవాళ్ళూ అంటారు. యజమాని మాత్రం సంతోషంగా అంటాడు. "మా సార్ మాక్ ఇంటర్వ్యూల ఏడిపిస్తడు. గాడ తట్టుకున్నోళ్ళకు అసలు ఇంటర్వ్యూ ఓ లెక్క కాదు" అని డెమో క్లాసుకి వచ్చినవాళ్ళందరికీ చెబుతాడు. అసలు ఇంటర్వ్యూకి పంపే ముందు బ్యాచ్ అందరి ఎదుటా నిలబెట్టి నేను చేసే ఉత్తుత్తి ఇంటర్వ్యూ అది. నన్ను చూపించే ఫీజులు కట్టించుకుంటాడు.

మాది బెజవాడ వైపు. ఎల్బీ నగర్‌లో ఇరవై ఏళ్ళ బట్టి ఉంటున్నా నా మాట మారలేదు, కోపమూ మారలేదు. ఒకప్పుడు ఒక కంపెనీలో సర్వర్ల గదికి నేనే దిక్కు. ఆ కంపెనీ ఉన్న సర్వర్లన్నీ తీసేసి ఎక్కడో అద్దెకిచ్చే సర్వర్ల మీదికి, అంటే క్లౌడ్ మీదికి వెళ్ళిపోయింది. నాకు ఒక శాలువా కప్పి పంపించారు. నా ఉద్యోగం తీసేసిన ఆ క్లౌడ్‌నే ఇప్పుడు నేను పాఠంగా చెబుతున్నాను. ఒళ్ళు మండదా మరి?

మా మెట్ల దగ్గర బ్యానర్ ఆరు నెలలకోసారి మారుతుంది. మొదట క్లౌడ్ అడ్మిన్ అన్నాం. తర్వాత డెవాప్స్ అన్నాం. ఆ తర్వాత క్లౌడ్ సెక్యూరిటీ, మొన్నటి నుంచి ఏఐ. ప్రతిదానికీ పైన "అత్యంత డిమాండ్ ఉన్న ఉద్యోగం" అని ఉంటుంది. డిమాండ్ ఉన్న మాట అబద్ధం కాదు. కాకపోతే ఆ ఉద్యోగాలన్నిటికీ కనీసం మూడేళ్ళ అనుభవం అడుగుతారు. కొత్తవాళ్ళను ఎవరూ పిలవరు. ఈ సంగతి బ్యానర్ మీద వెయ్యం. కోర్సు సగానికి వచ్చాక, చెయ్యని ఉద్యోగం మూడేళ్ళు చేసినట్టు రెజ్యూమె మేమే రాసిస్తాం. దాన్ని మా దగ్గర "ఎక్స్‌పీరియన్స్ పెట్టడం" అంటారు. బొట్టు పెట్టడం అన్నంత మామూలుగా అంటారు. ఎక్కువగా పుణె పెడతాం. ఇక్కడి కంపెనీ పెడితే ఇంటర్వ్యూ చేసేవాడికి అక్కడ ఎవడో ఒకడు తెలిసినవాడు ఉంటాడు.

రెజ్యూమె రాస్తే సరిపోదు కదా, ఆ బతుకు కూడా నేర్పాలి. ఆఫీసు ఎన్నో అంతస్తు, మేనేజర్ ఎలాంటివాడు, క్యాంటీన్లో ఏం తినేవాడివి, అన్నీ అడుగుతాను. ఒక కుర్రాడు పుణె క్యాంటీన్లో రోజూ పచ్చిపులుసు తిన్నానన్నాడు. వాణ్ణి వారం రోజులు పచ్చిపులుసు అనే పిలిచాను. బ్యాచ్ అంతా పిలిచింది. వాడు తర్వాత రావడం మానేశాడు.

ఆ బ్యాచ్‌లోనే ఒకామె ఉండేది. నల్గొండ దగ్గర పల్లె. ముప్ఫై మూడేళ్ళు ఉంటాయి. ఎల్బీ నగర్‌లో అన్న ఇంట్లో ఉండేది. అక్కడ ఆమెకు గది లేదు, వంటింటి వెనక వాషింగ్ మెషిన్ పక్కన చాప. ఉద్యోగం వస్తే నాగోల్ వైపు ఒక గది కిరాయికి తీసుకుని విడిగా ఉండాలని చేరింది. ఈ మాట చేరేటప్పుడు యజమానితో చెప్పింది. "దసరా దాకనే ఉండమన్నది మా వదిన" అని కూడా చెప్పింది.

మొదటి మాక్ ఇంటర్వ్యూలో ఆమెను నిలబెట్టి అడిగాను. "షాపింగ్ సైట్. పండగ అమ్మకాలు జరుగుతున్నాయి. మధ్యలో సైట్ పడిపోయింది. ఏం చేస్తావ్?"

"ముందుగాల దేన్నీ ముట్టుకోను సార్. ఆఖరికి ఎవరేం మార్చిన్రో చూస్త. గా మార్పును వెనక్కి తీస్త. సైట్ లేచినంక తీరిగ్గ కారణం దేవులాడుత."

బ్యాచ్‌లో బీటెక్‌లు ఇరవైమంది ఉన్నారు. ఒక్కడు కూడా ముట్టుకోను అనలేదు. అందరూ సర్వర్ ఆపి మళ్ళీ మొదలుపెడతామన్నవాళ్ళే. ఆమె జవాబు నాకు నచ్చింది, అది పైకి చెప్పలేదు. "ఇదంతా ఎక్కడ నేర్చుకున్నావ్?" అన్నాను. "పుణెలో" అనాలి. అది నేర్పి అప్పటికి వారమైంది. ఆమె తల దించుకుంది.

మర్నాడు మళ్ళీ నిలబెట్టాను. మళ్ళీ అదే. "ఏంటమ్మా, పుణె అనడానికి కూడా ట్రైనింగ్ ఇవ్వాలా? రెండక్షరాలు" అన్నాను. వెనక బెంచీలవాళ్ళు నవ్వారు. నేను నవ్వించడానికే అన్నాను, నవ్వినందుకు ఇంకాస్త హుషారొచ్చింది.

మూడో రోజు అదే ప్రశ్న వేస్తే తల ఎత్తి చెప్పింది. "దవాఖానల నేర్చుకున్న సార్."

"ఓహో, క్లౌడ్‌కి సెలైన్ ఎక్కించావా?" అన్నాను.

గదంతా గొల్లుమంది. ఆమె నవ్వు ఆగేదాకా నిలబడి, ఏ మాటనూ ఒత్తి పలకకుండా చెప్పింది. "మా ఆయనకు కిడ్నీలు పోయినయి సార్. వారానికి మూడుసార్లు డయాలసిస్. మిషన్ మీద నాలుగు గంటలుంటడు. పక్కన నేను ఉత్తగ కూసోవాలె. ఫోన్ల పాఠాలు చూసుకుంట నేర్చుకున్న. గట్ల మూడేండ్లు. పోయిన ఏడు ఆయన పోయిండు."

మనిషన్నవాడు అక్కడ క్షమించమ్మా అంటాడు, లేకపోతే కూర్చోమంటాడు. నేను గడియారం చూశాను. ఇంకా ఆరుగురి వంతు ఉంది. "సరే, ఆ మూడేళ్ళూ నువ్వు పుణెలో ఉన్నావ్. అను" అన్నాను. ఇప్పటికీ అన్నం తింటుంటే ఆ మాట గుర్తొస్తుంది. నా గొంతులో తడబాటు కూడా లేదు.

ఆమె అనలేదు. క్లాసయ్యాక వచ్చి, "ఉన్నదున్నట్టు చెప్తే ఇయ్యరా సార్? పని అయితే ఒచ్చు గద" అంది. ఇవ్వరన్నాను. నమ్మలేదు. దవాఖాన మాట రాయకుండా, ఖాళీ మూడేళ్ళను ఖాళీగానే ఉంచి రెజ్యూమె తయారు చేసుకుంది. రెండు నెలలు రోజూ పంపింది. ఒక్కరూ పిలవలేదు. దసరా మూడు వారాలుందనగా స్టాఫ్ రూమ్ గుమ్మంలో నిలబడి, "పెట్టున్రి సార్" అంది. గెలిచినట్టు అనిపించింది నాకు. అదీ నా బుద్ధి.

రోజూ అరగంట కూర్చోబెట్టి ఆ మూడేళ్ళను తుడిచేశాను. పద్ధతి నాదే. జరిగిందే చెప్పు, చోటు మార్చి చెప్పు అన్నాను.

"మిషన్ మోగితే ఎవర్ని పిలిచేదానివి?"

"సిస్టర్‌ను సార్."

"సిస్టర్ లేదు. టీమ్ లీడ్‌ని పిలిచావ్. మళ్ళీ చెప్పు."

"టీమ్ లీడ్‌ను పిలిచిన."

"పొద్దున్నే ఎక్కడికి వెళ్ళేదానివి?"

"దవా... ఆఫీసుకు సార్."

మొదట్లో ప్రతి రెండో జవాబుకీ ఆగేది. ఆగినప్పుడల్లా మొదటి నుంచీ చెప్పించాను. ఒకసారి, "గా సిస్టర్ శానా మంచిది సార్, నాకు చార్జర్ ఇస్తుండె" అంది. అది అనవసరం అన్నాను. వారం తిరిగేసరికి తడుముకోకుండా చెప్పడం వచ్చింది. పుణెలో వానలెట్లా పడతాయో కూడా చెప్పేది. చార్జర్ ఇచ్చిన సిస్టర్ మాట మళ్ళీ ఎత్తలేదు.

ఇంటర్వ్యూ నలభై నిమిషాలు జరిగింది. పనికి సంబంధించినవన్నీ సొంతంగా చెప్పింది, పుణె మాత్రం నాది. తీసుకుంటామన్నారు. ఇక మిగిలింది వాళ్ళు పాత కంపెనీకి ఫోన్ చేసి కనుక్కోవడం. ఆ పాత కంపెనీ మేనేజర్‌ని కూడా నేనే. నా సొరుగులో అందుకు వేరే ఫోన్ ఉంటుంది. ఫోన్ ఎప్పుడొస్తుందోనని ఆమె ఆ రోజు పొద్దున్నుంచీ నా ఎదురుగా స్టూల్ మీద కూర్చుంది. ఇంట్లో వదిన అప్పటికే చాప చుట్టి పైన పెట్టేసిందట.

పదకొండు దాటాక మోగింది. అవతల ఒకావిడ, మర్యాదగా మాట్లాడుతోంది. ఏ హోదాలో చేసింది, ఎందుకు మానేసింది, ప్రవర్తన ఎలాంటిది అని అడిగింది. నేను బాగానే చెప్పాను. సెలవులు ఎక్కువ పెట్టేదా అని చివరగా అడిగింది. లేదంటే సరిపోయేది. నాకు మాటలు తన్నుకొచ్చాయి. "మూడేళ్ళలో ఒక్క రోజు సెలవు పెట్టలేదండీ. ఇంటి గొడవలేవీ ఆఫీసుకు తెచ్చే మనిషి కాదు. అలాంటివాళ్ళు దొరకరు" అన్నాను. ఆవిడ థాంక్స్ చెప్పి పెట్టేసింది.

"అయిపోయింది. నీకు ఉద్యోగం వచ్చినట్టే" అన్నాను.

ఆమె ముఖంలో నేననుకున్న సంతోషం రాలేదు. "ఆయన పోయింది మంగళారం సార్. గా దినం గూడ నేను ఆఫీసుల్నే ఉన్ననా?"

నాకు జవాబు తెలుసు. ఇంకో జవాబు చెబితే ఆమెకు గది ఉండదు.

"ఉన్నావ్. చేరాక ఎవరైనా అడిగితే అదే చెప్పాలి" అన్నాను.

తల ఊపింది. "ఒక్క రోజు గూడ సెలవు పెట్టలే" అని ఒకసారి అంది. సెలవు అన్నచోట తడబడింది. ఆగి, మొదటి నుంచీ మళ్ళీ చెప్పింది.