తడి గోనె కింద మే నెల

1998 వేసవి. మాధాపూర్‌లో అప్పటికి రోడ్ల కన్నా రాళ్లే ఎక్కువ. గుట్ట పేల్చిన చోటల్లా ఏదో ఒక అద్దాల మేడకు పునాది లేస్తుండేది. అలాంటి ఒక సైట్‌లో నేను వాతావరణం చూసేవాణ్ణి. బిల్డింగులు కట్టే కంపెనీలో ఇదేం ఉద్యోగమని మా బావమరిది ఇప్పటికీ నవ్వుతాడు. కాంక్రీటు పోయాలంటే ఎండెంతో, వానెంతో తెలియాలి నాయనా! అందుకే సైట్ అంచున, చుట్టూ అడ్డం లేని చోట ఒక రెయిన్ గేజ్, దాని పక్కనే ఒక స్క్రీన్ పెట్టించారు. స్క్రీన్ అంటే తెర అనుకునేరు. నాలుగు కాళ్ల మీద నిలబెట్టిన తెల్లటి చెక్కపెట్టె అది. గాలి ఆడేలా పక్కలకు ఏటవాలు పలకలుంటాయి. థర్మామీటర్లు లోపలుంటాయి. వాటిలో ఒకటి ఆ రోజు ఎక్కిన అత్యధిక ఎండ దగ్గరే ఆగి ఉంటుంది, సాయంత్రం చూసినా అదే చూపిస్తుంది.

నెలాఖరుకు హెడ్డాఫీసుకు ఒక స్టేట్‌మెంట్ పంపాలి. ఆ నెల వాన, ఎండ నార్మల్ కంటే ఎంత ఎక్కువో ఎంత తక్కువో అందులో రాస్తాం. నార్మల్ అంటే ముప్పై ఏళ్ల సగటు. దానికీ మనం చూసినదానికీ ఉన్న తేడాను డిపార్చర్ అంటాం. చుక్క వాన లేకపోయినా రోజూ పొద్దున్నే గేజ్‌లోకి తొంగిచూసేవాణ్ణి కాబట్టి పాలమూరు కూలీలు నాకు ‘వాన సారు’ అని పేరు పెట్టారు. మే నెలలో ఆ పేరు పెట్టి పిలిస్తే ఒళ్లు మండేది.

అంతకు ముందు వేసవిలో ఒక తాపీమేస్త్రి వడదెబ్బకు చనిపోయాడు. ఆ తర్వాత నేను పోరుపెట్టగా పెట్టగా ప్రాజెక్ట్ మేనేజర్ ప్రసాదరావు గారు ఒక రూల్ ఒప్పుకున్నారు. నిన్నటి ఎండ నార్మల్‌ను నాలుగు డిగ్రీలు దాటితే, ఈ రోజు పన్నెండు నుంచి నాలుగు దాకా పని బంద్. మే మొదట్లో రోజూ పన్నెండింటికి సైరన్ మోగేది. అది విన్నప్పుడల్లా నా ఉద్యోగానికీ ఒక అర్థముందని సంతోషపడేవాణ్ణి.

ఒక రోజు మబ్బు పట్టింది. ఎండ తగ్గింది కాబట్టి మర్నాడు సైరన్ మోగలేదు. అది న్యాయమే. కానీ మబ్బు పోయాక కూడా పెట్టెలో ఎండ పెరగలేదు. పేపర్లో ఊరంతా నిప్పుల కొలిమి అని రాస్తున్నారు. రోహిణి కార్తె, రోళ్లు పగిలే ఎండలు. మా పెట్టె మాత్రం రోజూ నార్మల్ దగ్గరే తచ్చాడుతోంది! థర్మామీటర్ మార్చాను. అదే లెక్క. కూర్చోబుద్ధి కాదు, అన్నం సహించదు, కాలు కాలిన పిల్లిలా ఆఫీసు గదిలోనే తిరిగాను. చివరికి ప్రసాదరావు గారి దగ్గరికి పోయి, రీడింగ్ మీద నాకు నమ్మకం లేదు, సైరన్ వేయించండి అన్నాను.

“రీడింగ్ తీసింది మీరే కదండీ?” అన్నారాయన.

“నేనే సార్.”

“రూల్ పెట్టమన్నదీ మీరే కదా. ఇప్పుడు రూల్ వద్దంటే ఎలాగండీ మాస్టారూ? స్లాబ్ వెనకబడిందని పైవాళ్లు నా పీక మీద కూర్చున్నారు.”

ఆ మధ్యాహ్నమే రాడ్లు వంచే రాములు నిలబడ్డవాడు నిలబడ్డట్టే కూలిపోయాడు. జీపులో దవాఖానకు తీసుకుపోయారు. ప్రాణం దక్కుతుందో లేదో తెలియదన్నారు.

నేను రీడింగ్ తీసే వేళలు పొద్దున, సాయంత్రం. మధ్యాహ్నం ఆ పెట్టె దగ్గరికి పోవాల్సిన పనే లేదు. మర్నాడు మాత్రం ఉండబట్టలేక నడినెత్తిన సూర్యుడుండగా పోయాను.

పెట్టె కనబడలేదు. పైనుంచి కింద దాకా తడి గోనెపట్టాలు కప్పి ఉన్నాయి. నీళ్లు కారుతున్నాయి. పెట్టె కాళ్లకు చీరతో ఊయల కట్టి ఉంది. అందులో ఏడాది కూడా నిండని పాప హాయిగా నిద్రపోతోంది.

బిందె చంకనేసుకుని బాలమణి పరుగెత్తుకొచ్చింది. ఆమె క్యూరింగ్ చేసే కూలీ. కొత్త కాంక్రీటు పగలకుండా కొన్నాళ్లు తడి గోనెలు కప్పి ఉంచుతారు, దాన్నే క్యూరింగ్ అంటారు.

“ఏం చేశావమ్మా ఇది?” నా గొంతు లేచింది.

“జర మెల్లగ సారూ, గిప్పుడే పండుకుంది. గుడిసెల రేకులు కాగుతున్నయి, బిడ్డను ఏడ పండవెట్టాలె? సిమెంటును సల్లగ జూస్కుంటున్నం, బిడ్డను జూస్కోవద్దా?”

“ఎప్పట్నుంచి?”

“మొగులు పట్టిన తెల్లారి సంది. ఛుట్టీ ఇయ్యకపోతిరి. ఇస్తే నేనే ఒళ్లో ఏసుకొని కూసుందును గదా!”

సైరన్ మోగలేదు కాబట్టి ఆమె గోనె కప్పింది. గోనె కప్పింది కాబట్టి పెట్టె లోపల వట్టివేళ్ల తడక కట్టినట్టు చల్లబడింది. పెట్టె చల్లబడింది కాబట్టి మర్నాడూ సైరన్ లేదు. బిడ్డ నీడలో ఉన్నంత కాలం తల్లి ఎండలో మాడాల్సిందే. సాయంత్రం గోనెలు స్టోరుకు అప్పజెప్పి పోయేది కాబట్టి నా కంటబడలేదు.

ఆమెకు విడమర్చి చెప్పాను. బిందె కింద పెట్టేసింది.

“అంటే… రాములన్న పడ్డది నా గోనెతోనా సారూ?”

“నీ వల్ల కాదమ్మా, కాదు” అన్నాను. ఆమె నమ్మలేదు. ఏడుస్తూనే, “మేనేజర్ సారుకు జెప్పకు, పనిల నుంచి తీసేస్తరు. నీ కాల్మొక్త” అంది. చెప్పకుండా గోనె ఒక్కటీ తీసేయిస్తే నా రీడింగ్ సరిపోతుంది. మరి పాప ఎక్కడికి పోవాలి? పోయి ఆయన్ని వెంటబెట్టుకొచ్చాను.

ప్రసాదరావు గారు చూసి అగ్గిమీద గుగ్గిలమయ్యారు. “ఇదేమన్నా తమాషానా? ముందు తీయించండి ఇవన్నీ!”

బాలమణి పాపను ఎత్తుకుంది. నేను గోనెలు లాగేసి, పెట్టె తలుపు ఓరగా తెరిచాను. “పాదరసం అసలు లెక్క చెప్పడానికి కాస్త టైం పడుతుంది సార్. మీరే చూడండి.”

నిలబడ్డాం. చెట్టు లేదు, గోడ లేదు. పాప నిద్రలేచి గుక్కపట్టింది. పాదరసం మెల్లగా పాకుతోంది. ఆయన జేబురుమాలు నెత్తిన వేసుకున్నారు. ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మారారు.

“ఇంకెంతసేపండీ?”

“ఎక్కుతూనే ఉంది సార్.”

పాప ఏడుపు ఎక్కిళ్లలోకి దిగింది. ఆయన చటుక్కున వంగి, నేను కింద పడేసిన తడి గోనె అందుకుని, రెండు చేతులతో తల్లీబిడ్డల నెత్తిన పట్టారు. ఇస్త్రీ చొక్కా మీదంతా బురదనీళ్లు.

“సైరన్ వేయించండి మాస్టారూ.”

“పాదరసం ఇంకా ఆగలేదు సార్.”

“ఆగక్కర్లేదు. వేయించండి!”

ఆ వారంలోనే పిల్లల కోసం ఒక పందిరి వేయించి, చుట్టూ తడి గోనెలు కట్టించారు. పిల్లల్ని చూసుకునే పని బాలమణికే ఇచ్చారు. రాములు బతికాడు, ఆ దేవుడి దయ. కానీ మళ్లీ రాడ్ల జోలికి పోలేకపోయాడు, ఊరికి వెళ్లిపోయాడు.

మే స్టేట్‌మెంట్‌లో వాన: నిల్. ఎండ దగ్గర ఆ రోజులన్నీ కొట్టేసి, ‘నమ్మదగినవి కావు’ అని రాశాను. ఆ కాగితం రాస్తున్న రోజున బాలమణి పాపతో వచ్చి పెట్టెలోకి తొంగిచూసింది. లోపలి పాదరసం గొట్టాన్ని ఎప్పుడూ పెట్టె నీడలోనే ఎందుకుంచుతారని అడిగింది. ఎండ నేరుగా తగిలితే లెక్క తప్పుతుంది, లోకమంతా ఇదే పద్ధతి, నార్మల్ కూడా నీడలో తీసిందే అన్నాను.

“మరి మేము ఎండల పనిజేస్తిమి గద సారూ?” అంది.

అవును కదా! ఇన్నేళ్లు డిగ్రీలు రాసినవాణ్ణి, ఆ మాట నాకెప్పుడూ తట్టలేదు. అప్పట్నుంచి ఎండెంతని ఎవరడిగినా, నీడలో ఇంత అనే చెబుతున్నాను.