మాన్ అత్త గొడుగు

మా సందులో అందరికీ ఆమె మాన్ అత్తే. చియాయీ పొలాల్లో చెరకు నరికే ఇంట్లో పుట్టింది. ఎండను తప్పించుకోవడానికే తైనాన్‌లో బట్టల కొట్టువాణ్ణి చేసుకున్నానని తనే చెప్పేది. స్కూటరెక్కితే మోచేతులు దాటే తొడుగులు, ముఖానికి గుడ్డ, దిగితే గొడుగు. ఆమె ముఖం పూర్తిగా చూసినవాళ్ళు తక్కువ.

ఆమె కొడుక్కి చిన్నప్పుడే దూరం ఆనేది కాదు. ఏటేటా అద్దాలు మందమై, చివరికి ఒక కంట్లో లోపలి తెర ఊడి ఆ కన్నే పోయింది. అందుకే మనవరాలు పిన్-యూకి ఏడో ఏట కళ్ళద్దాలు రాగానే అత్తకు తిండి సహించలేదు.

"వెలుతురు పడితే కంటి లోపలి తెరలో డోపమైన్ ఊరుతుందమ్మా. అది కనుగుడ్డును సాగనివ్వదు. సాగితేనే దూరం ఆనదు. రోజూ రెండు గంటలు బయట ఉంచండి," అన్నాడు కంటి డాక్టరు.

"ఆ మందేదో సీసాలో పోసివ్వరాదూ?"

"అది కంట్లోనే తయారవ్వాలి."

అత్త మాట తప్పే మనిషి కాదు. బడి వదలగానే, ట్యూషన్ వేళదాకా పిల్లను నా టీ బండి ఎదురుగా పార్కులో కూర్చోబెట్టేది. కాకపోతే నెత్తిన వెడల్పు టోపీ, నల్ల కళ్ళద్దాలు, పైన నల్ల గొడుగు, ఒళ్ళో లెక్కల పుస్తకం. మావైపు ఆడపిల్లను ఎండలోకి తేవడమంటే అంతే. ఎవరికీ వింతగా తోచలేదు.

ఆరు నెలలకు అద్దాల నంబరు పెరిగింది.

"రోజూ బయటే ఉంచానయ్యా!" అని అత్త అంతా చెప్పింది.

డాక్టరు గొడుగు వంక చూశాడు. "దీని కింద పుస్తకం పట్టుకుంటే కంటికి ఇల్లయితేనేం, పార్కయితేనేం?"

మర్నాడు గొడుగు రాలేదు. పరిగెత్తమంటే పిల్ల కదలలేదు.

"నల్లబడితే నన్నెవరూ చేసుకోరని నువ్వేగా అన్నావు నాన్నమ్మా!"

అత్త తొడుగులు, గుడ్డ ఊడదీసి నా బండి మీద పడేసింది. ఎండలోకి వెళ్ళి నిలబడింది. "రా, నన్ను పట్టుకో చూద్దాం!" అంటూ పరుగందుకుంది. పిల్ల వెనకే పరిగెత్తింది.

"ఏం అత్తా, మళ్ళీ చెరకు కొట్టడానికా?" అన్నాడు చేపలమ్మే త్సాయ్.

"నీ నెత్తి కొట్టడానికిరా!"

తర్వాతి కంటి పరీక్షలో నంబరు కదలలేదు. అత్త ముఖం మాత్రం పుట్టింటి రంగుకొచ్చేసింది. కొడుకు మిగిలిన కంటితో ఎగాదిగా చూశాడు.

"ఏంటమ్మా, ఇలా మాడిపోయావ్?"

"నీ చిన్నప్పుడే మాడుంటే," అంది అత్త, "రెండు కళ్ళతో చూసేవాడివి."