మామగారి గుర్రానికి చోటు

మొన్న మా చిన్నమ్మాయి ఫోను చేసి ఏడ్చినంత పని చేసింది. అల్లుడికి పుణే బదిలీ అయిందట. ఇల్లు దొరికిందట, పిల్లాడికి బడి దొరికిందట, కుక్కకే చోటు దొరకడం లేదట. ఒక అపార్ట్‌మెంటు వాళ్ళు కుక్కలే వద్దన్నారు, ఇంకొకళ్ళు ఉంచుకోండి గానీ లిఫ్టు ఎక్కించకండి అన్నారు. పోనీ కొన్నాళ్ళు డబ్బు కట్టి కుక్కల హాస్టల్లో పెడదామంటే, అక్కడ కుక్క తిండి మానేస్తుందని మా అమ్మాయి బాధ. నేనేదో సర్దిచెప్పబోతే, "నీకేం తెలుస్తుందమ్మా, నోరులేని జీవాన్ని వెంటబెట్టుకుని కొత్త ఊరు వెళ్ళడమంటే ఏమిటో" అంది. నాకు తెలియదట. సరేలే తల్లీ అని ఫోను పెట్టేశాను. ఆ రోజంతా ఏ పని మీదా మనసు నిలవలేదు. దానికి ఎప్పుడూ చెప్పలేదు మరి. అది పుట్టకముందు సంగతి, చెప్పుకుని మురిసిపోయే సంగతీ కాదు.

డెబ్బైల చివర్లో, నాకు పెళ్ళై ఏడాది తిరిగిందో లేదో, మా అత్తగారు పోయారు. మా ఆయనకి జంషెడ్‌పూర్ కార్ఖానాలో పని. బారిడీహ్‌లో రెండు గదుల కోటరు, వెనక నాలుగు మంచాలు పట్టే పెరడు. మామగారిది శ్రీకాకుళం పక్కన చిన్న ఊరు. స్టేషనుకీ బజారుకీ మధ్య నలభై ఏళ్ళు జట్కా తోలారాయన. అప్పటికే ఆటోలొచ్చి జట్కా ఎక్కేవాళ్ళు తగ్గిపోయారు. ఇక ఒంటరిగా అక్కడెందుకు, మాతో వచ్చి ఉండమని మా ఆయన వెళ్ళి అడిగితే, ఆయన ఒకటే మాట అన్నారట. "గుర్రాన్ని ఒగ్గేసి నాను రాన్రా. అది వత్తే నానూ వత్తాను. నేదంటే నేదు." అమ్మేద్దామంటే కొనడానికి వచ్చినవాడు ఇటుకల బట్టీవాడు. ముసలి గుర్రాన్ని వాడు ఎన్నాళ్ళు బతకనిస్తాడో అందరికీ తెలుసు.

అలా వచ్చింది బుల్లి. గోధుమరంగు ఆడ గుర్రం, నుదుటి మీద అరచేతంత తెల్లమచ్చ. మా వైపు నుంచి కొబ్బరికాయలు తెచ్చే లారీలో సగం ఖాళీ చేయించి ఎక్కించారు. డ్రైవరు పక్కన సీటున్నా మామగారు కూర్చోలేదట. రెండు రోజులూ వెనకాల, బుల్లి మెడ మీద చెయ్యేసి నిలబడే వచ్చారు. దిగేసరికి ఆయన కాళ్ళు రోకళ్ళలా వాచిపోయి ఉన్నాయి. బుల్లి మాత్రం దర్జాగా దిగి, మా పక్కింటి పంజాబీ ఆవిడ పెంచుకున్న ధనియాల మడి మొత్తం మేసేసింది. కొత్త ఊళ్ళో వాళ్ళిద్దరి మొదటి పరిచయం అలా జరిగింది.

మూడోనాడు కోటర్ల లెక్క చూసే ఉద్యోగి వచ్చాడు. మంచివాడే, గుర్రాన్ని నిమిరాడు కూడా. కానీ పెరట్లో పశువుల్ని ఉంచకూడదు, వారంలో తీసేయండి అన్నాడు. మామగారు సామాను మూట విప్పనే లేదు. వారంలో చోటు దొరక్కపోతే ఇద్దరం తిరిగి పోతామన్నారు. పోయి ఎక్కడుంటారు? ఊళ్ళో ఇల్లు అప్పటికే ఖాళీ చేసి ఇచ్చేశారు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి, లేకపోతే మిగతాది ఎవరికీ అర్థం కాదు. మా ఇళ్ళలో అప్పట్లో కోడలు మామగారి ఎదుటపడి మాట్లాడేది కాదు. ఆయన ముందు గదిలో ఉంటే నేను వంటింట్లో ఉండాలి. ఏదన్నా చెప్పాలంటే మా ఆయనతో చెప్పాలి, మా ఆయన లేకపోతే గిన్నె చప్పుడు చేయాలి. ఆయనా అంతే, నేనున్న వైపు తలెత్తేవారు కాదు. అది గౌరవం అనుకునేవాళ్ళం. రెండు గదుల కోటర్లో, ఒకళ్ళ దగ్గు ఒకళ్ళకి వినపడేంత దూరంలో, నా పెళ్ళైన ఏడాదిలో ఒక్క మాట అనుకోని మనుషులం మేమిద్దరం.

మా ఆయన డ్యూటీ దిగగానే సైకిలెక్కి తిరిగేవాడు. అగ్రికోలో ఎవరి ఇంటి వెనకో వాడని కారు షెడ్డు ఉందంటే వెళ్ళి, కుక్కతో తరిమించుకుని వచ్చాడు. సీతారామ్‌డేరాలో పెళ్ళి ఊరేగింపులకి గుర్రాల్ని ఇచ్చేవాడొకడున్నాడని తెలిసి, తండ్రినీ బుల్లినీ కూడా తీసుకెళ్ళాడు. వాడు చుట్టూ తిరిగి చూసి, "చోటుంది గానీ తెల్లది కాదే. పెళ్ళికొడుకు దీన్ని ఎక్కడు" అన్నాడట హిందీలో. ఏటంటన్నాడని మామగారు అడిగి తెలుసుకుని, "ఏభై పెళ్ళిళ్ళోళ్ళని టేసన్నుంచి మోసింది ఇది. ఒక్కడూ రంగడగనేదు" అని తాడు పట్టుకుని తిరిగి వచ్చేశారు. ఆ సాయంత్రం అన్నం ముట్టలేదు.

ఆరో రోజున దొరికింది చోటు. బారిడీహ్ దాటాక, సువర్ణరేఖ నదికి పోయే దారిలో, ఒక బీహారీ ముసలాయన గేదెల ఖటాల్ ఉండేది, అంటే పాలవాళ్ళ గేదెల కొట్టం. ముప్ఫై గేదెలు, మధ్యలో పేడగుట్ట, చివర రేకుల కింద ఖాళీ మూల. ఆయన బుల్లి పళ్ళు చూసి, మామగారి చేతులు చూసి, "లే ఆవ్ బాబా, జగహ్ హై", తీసుకురా చోటుంది అన్నాడట. అద్దె వద్దు, రోజూ నా గేదెలకి గడ్డి కోసిపెట్టు చాలు అన్నాడు. ఇద్దరికీ భాష కలవదు. ఒకాయన భోజ్‌పురిలో, ఒకాయన శ్రీకాకుళం తెలుగులో గంటలకొద్దీ మాట్లాడుకునేవారు, ఇద్దరూ తమ పెళ్ళాల గురించేనని నాకు అనుమానం.

తర్వాత రెండు నెలలు మా ఇంట్లో వెలుగున్న రోజులు. పొద్దున్నే బొగ్గుల పొయ్యి మీద ఉలవలు ఉడికించి, గిన్నె గుమ్మంలో పెట్టి, ఒకసారి గరిటె మోగించి లోపలికి తప్పుకునేదాన్ని. మామగారు తీసుకెళ్ళేవారు. మధ్యాహ్నానికి గిన్నె తోమేసి అదే చోట ఉండేది. కోడలి చేత గుర్రం గిన్నె తోమించకూడదని ఆయన పట్టుదల. ఒకరోజు ఆ గిన్నెలో గుప్పెడు నేరేడుపళ్ళున్నాయి. నాకు నెల తప్పిందని మా ఆయన చెప్పుంటాడు. ఆ పళ్ళు తిని నాలుక ఊదారంగైతే అద్దంలో చూసుకుని నవ్వుకున్నాను.

అంతలో వానలు పట్టుకున్నాయి. ఖటాల్ నేలంతా బురద, గేదెల ఉచ్చ, పేడ. గేదెకి అది సుఖమేమో గానీ గుర్రానికి కాదు. బండి లేదు కదా అని మామగారు బుల్లి లాడాలు అంతకుముందే తీయించేశారు. ఇప్పుడు గిట్టలు నానిపోయి మెత్తబడుతున్నాయని ఆయనకి బెంగ. రోజూ నది నుంచి గోనెసంచీతో ఇసుక భుజాన మోసుకొచ్చి బుల్లి కింద పరిచేవారు. మర్నాటికి అది మళ్ళీ బురదలో కలిసిపోయేది. ఆయన బనియను ఉతుకుతుంటే భుజం దగ్గర నెత్తురు మరక కనిపించింది నాకు. కడుపుతో ఉన్నదాన్ని, ఊరికే కళ్ళనీళ్ళు వచ్చేసే రోజులు.

ఆ ఊళ్ళో నేల బురదైతే ఎవరైనా చేసేది ఒకటే. స్లాగు వేయించడం. ఇనుము కరిగించినప్పుడు పైకి తేలే మడ్డి అది, చల్లారితే రాయవుతుంది. దాన్ని పగలగొట్టిన ముక్కల్ని దారుల్లో, పెరళ్ళలో పరుస్తారు. నీరు ఇట్టే ఇంకిపోతుంది. మా పెరట్లోనూ అదే. చెప్పులేసుకుని తిరిగే మనుషులకి దానితో ఏ ఇబ్బందీ లేదు. మామగారి కొట్టంలో కూడా వేయించమని మా ఆయనతో నేనే అన్నాను. "అయ్యనో మాట అడగాలేమో" అన్నాడు. "అడిగితే వద్దంటారు, మీకెందుకు శ్రమంటారు. ఆయన లేనప్పుడు వేయించెయ్యండి" అన్నాను. నా తెలివి అంతటిది.

ఒక ఆదివారం, మామగారు బుల్లిని నదికి తీసుకెళ్ళినప్పుడు, మా ఆయన ట్రాక్టరుతో స్లాగు తోలించి పరిపించాడు. ఆయన మొహం చూడాలని నేనూ ముసుగేసుకుని వెళ్ళి గడ్డివాము చాటున నిలబడ్డాను. బుల్లి వచ్చింది, రేకుల ముందు ఆగిపోయింది. కాలు పెట్టలేదు. మామగారు వంగి ఒక ముక్క తీసి అంచు మీద బొటనవేలు రాశారు.

"ఏటిది?"

"స్లాగయ్యా. నీ కోడలే వేయించమంది. బుజం నొప్పితో ఇసక మోత్తన్నావని."

ఆయన చాలాసేపు ఆ ముక్కనే చూశారు. తర్వాత, "బావుందిరా. మంచి పని సేసింది" అన్నారు. తాడు రెండుసార్లు లాగితే గానీ బుల్లి లోపలికి రాలేదు. నాకు ఎంత గర్వమో. మర్నాటి నుంచి ఆయన ఒక సంచీ బదులు మూడు సంచీల ఇసుక మోయడం మొదలుపెడితే మాత్రం ఒళ్ళు మండింది. ఇంత చేయించినా ఈ ముసలాయన మొండితనం పోలేదే అని మా ఆయన దగ్గర సణిగాను కూడా.

నాలుగు రోజులు తెగని వాన. ఇసుక కొట్టుకుపోయింది. బుల్లి కుంటడం మొదలుపెట్టింది. మామగారు గిట్ట కడిగి పసుపు పెట్టారు. వారం తిరిగేసరికి కుంటు తగ్గినట్టే ఉంది గానీ, ఒకనాడు ఉలవల గిన్నె నిండుగా తిరిగొచ్చింది. దవడ తెరుచుకోవడం లేదు. చెవులు నిక్కబొడుచుకున్నాయి, తోక గాల్లోకి లేచింది, కాళ్ళు నాలుగూ గుంజల్లా బిగిశాయి. పశువుల డాక్టరు వచ్చి ధనుర్వాతం అన్నాడు. గిట్ట లోపలి మెత్తటి చోట చీల్చి, గోరంత ముక్క తీసి మా ఆయన చేతిలో పెట్టాడు. నల్లగా, గాజుపెంకులా ఉందట. సూది పొడిచాడు గానీ ఆశ పెట్టుకోవద్దన్నాడు. మూడోనాటి మధ్యాహ్నం పోయింది బుల్లి. ఖటాల్ ముసలాయన తన మనుషుల్ని పెట్టి నది ఒడ్డున గొయ్యి తవ్వించాడు. తాడు మాత్రం మామగారే విప్పారట.

దశాహం లెక్కన పది రోజులు ఆయన ఎవరితోనూ మాట్లాడలేదు. పదకొండో రోజు ఉదయం మా ఆయన డ్యూటీకి వెళ్ళాక, వంటింటి గుమ్మం బయట, నాకు వీపు పెట్టి, వీధివైపు చూస్తూ కూర్చున్నారు.

"అమ్మా" అన్నారు. నన్నే. నా చేతిలో గరిటె ఆగిపోయింది.

"ఆ రాయి సూడగానే తెలిసిపోయింది నాకు. గుర్రానికి అది పనికిరాదని. కోడలు ముచ్చటపడి సేసింది, ఎలగ కాదంతాం అనుకున్నాను. ఇసక ఏసుకుంతే సరిపోద్దనుకున్నాను. తప్పు నాది తల్లీ. వట్టి మనిసివి కాదు, నువ్వేటీ మనసులో ఎట్టుకోకు."

గుమ్మం చాటున నిలబడి విన్నాను. మామయ్యా తప్పు మీది కాదు, నాది, అడగొద్దన్నది నేనే అని గొంతు దాకా వచ్చింది. అడ్డం ఉన్నది తలుపు కూడా కాదు, ఒక పాత చీర తెర. దాన్ని పక్కకి లాగితే ఏమయ్యేది? ఆకాశం ఊడిపడేది కాదు. కానీ నేను చేసిందల్లా గరిటె గిన్నెకి కొట్టి ఒక చప్పుడు చేయడం. విన్నానని చెప్పడానికి. ఆయన లేచి వెళ్ళిపోయారు.

ఆ తర్వాత నాలుగేళ్ళు మాతోనే ఉన్నారు. రోజూ ఖటాల్‌కి వెళ్ళి గేదెలకి గడ్డి కోసేవారు, అడిగేవాళ్ళు లేకపోయినా. నేను ఏనాడూ ఆ మాట అనలేదు. రేపు అందాం, పిల్ల పుట్టాక అందాం, పండగ వెళ్ళాక అందాం అనుకున్నాను. ఆయన పోయిన కొన్నేళ్ళకి మా ఇళ్ళలో ఆ చాటులన్నీ పోయాయి. ఇప్పుడు మా కోడలు నా ఎదురుగా కూర్చుని, నా కూరలో ఉప్పెక్కువైందని నాతోనే చెబుతుంది. దానితో నేను ఏదైనా అనగలను, ఎవరితోనైనా అనగలను. ఎవరితో అనాలో ఆయనొక్కరే లేరు, నాకు నోరొచ్చేదాకా కాలం ఆయన్ని ఉంచలేదు.